పిచ్చమ్మ వీధి

నమ్మితే నమ్మండి, ఊళ్లో జరిగినవన్నీ తేదీలవారీగా యంత్రం దాచే టైమ్‌లైన్‌లో ఎక్కనిది జరగనట్టే లెక్క అయిన రోజులవి. అరవై ఏళ్ల కిందటి వరదలో బెల్లం వండే పెనాన్నే పడవ చేసి జనాన్ని ఒడ్డుకు చేర్చిన పిచ్చమ్మ సంగతి సాయంత్రంలోగా ఎక్కకపోతే, వీధికి ఆమె పేరు తీసేసి నంబరు పెడతారు.

పిచ్చమ్మ మనవరాలు నాంచారి పొద్దుట్నించీ తెర ముందు నుంచి లేవలేదు. అయిదుసార్లు రాసి పంపితే, తేదీ లేదని యంత్రం అయిదుసార్లూ తిప్పికొట్టింది.

"ఎంతమందిని దాటించింది, తాతా?"

"నలభై," అన్నాడు పక్కింటి సాంబయ్య. ఆ పెనం ఎక్కినవాళ్లలో ఇప్పుడు మిగిలింది ఆయనొక్కడే.

"నిన్న పన్నెండన్నావు!"

"సర్లే, పన్నెండే రాయి. పెనం మాత్రం పెద్దదే."

"తేదీ?"

"మా గేదె గౌరి ఈనిన మర్నాడు."

నాంచారి నవ్వలేదు. అప్పట్లో మనుషులకన్నా ముందు పశువుల వివరాలే రాసిపెట్టారు. ఆ పాత పశువుల లెక్కల్లో వెతికితే గౌరి ఈనిన తేదీ గంటతో సహా దొరికింది. దానికి ఒకరోజు కలిపి, సాక్షిగా సాంబయ్య పేరు పెట్టి, ఆరోసారి పంపింది.

పొద్దు వాలేసరికి వీధి మొగలో పలక మీద పిచ్చమ్మ పేరు వెలిగింది.

"దూడ కూడా పెనం ఎక్కిందే! అది రాయలేదేం?" అన్నాడు సాంబయ్య.

నాంచారి మళ్లీ తెర ముందు కూర్చుంది.

"దూడ రంగేంటి, తాతా?"