ఎజికే మొద్దు

"లోతుగా తవ్వు మావా. పిలక కూడా మిగలకూడదు," అన్నాడు ఓసిటా.

మొద్దులు పెకలించే ముసలి ఎంబాక్వే పార అందుకున్నాడు. చనిపోయిన పెద్దాయన, ఓసిటా తండ్రి మొద్దు అప్పటికే వేళ్లతో సహా పైకొచ్చి పెరట్లో దొర్లి ఉంది. ఇక మిగిలింది పెద్దకొడుకు ఎజికే మొద్దు.

ఎజికే భార్య ఒలాన్మ వంటపాక గుమ్మంలో నిలబడి చూస్తోంది. బిడ్డ పుట్టగానే బొడ్డుతాడు పాతిపెట్టి, దాని మీద ఒగిరిసి మొక్క నాటడం ఆ ఊరి ఆనవాయితీ. మనిషి పోతే చెట్టు కొట్టేస్తారు. మొద్దు కూడా పెకలించిన రోజున భార్య మరిదికి పెళ్లామై అతని ఇంటికి మారాలి. ఎజికే ఎక్కిన పడవ ఏట్లో మునిగి ఐదేళ్లయింది. శవం దొరకలేదు. మరిది ఓసిటా మొదటి పెళ్లాం విరిగిన చేత్తో పుట్టింటికి పోయింది. ఆ చెయ్యి ఎలా విరిగిందో ఊరంతటికీ తెలుసు, ఎవరూ అడగరు.

అత్త ఉగోయె మాత్రం ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. నడుం నొప్పని ఈ పని నాలుగు సంతల పాటు వాయిదా వేయించిందీ ఆవిడే, ఇవాళ ఎంబాక్వేని పిలిపించిందీ ఆవిడే.

"ఏమే, గుడ్లప్పగించి చూస్తావేం?" గుడ్డ చుట్టిన బొటనవేలితోనే కంచె వైపు చూపించింది. "ఒగిరిసి కొమ్మల కంచెలో సందు పడింది. పక్కింటి మేక దూరి కూరమడి మేసేస్తోంది, తోలు!"

"మొన్నటిదాకా బానే ఉందిగా అత్తా?"

"ఉండేది. ఇప్పుడు లేదు. నోరు కాదు, కాళ్లు కదుపు."

ఒలాన్మ మేకను తోలింది. కన్నకొడుకు మీదే జాలి లేని మనిషికి కోడలి మీద ఎందుకుంటుందిలే అనుకుంది.

మొద్దు చుట్టూ ఉగోయె పోసి ఉంచిన ఎండుటాకుల కుప్పను ఎంబాక్వే పారతో పక్కకి లాగాడు. లాగి, ఆగిపోయాడు.

"ఏంటి మావా?"

"చిగురు."

మొద్దును ఆనుకుని వేలంత కొమ్మ నిలబడి ఉంది. కొసన రెండు లేతాకులు.

"పీకి పారెయ్!" ఓసిటా ముందుకు ఉరికాడు.

ముసలాయన పార అడ్డం పెట్టాడు. "చెయ్యేశావో, ఊరు నిన్ను వెలేస్తుంది. చిగురేసిన మొద్దు బతికున్నోడిది. అది ఎండేదాకా ఎవడూ ముట్టుకోడానికి లేదు."

"ఐదేళ్ల తర్వాత చిగురేంటి మావా?"

"నన్నడిగితే? చెట్టునడుగు."

ఓసిటా తల్లి వంక చూశాడు.

"ఆనవాయితీ కదరా," అంది ఉగోయె, అంతే. అతను చొక్కా భుజాన వేసుకుని, కనబడ్డ తట్టనల్లా తన్నుకుంటూ వెళ్లిపోయాడు.

ఒలాన్మ అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చింది. ఎజికే ఉన్నాడు. ఏ ఒడ్డునో ఉన్నాడు, దారి తెలియక ఆగిపోయాడు, అంతే. పొద్దు వాలేలోపు అతనికిష్టమైన మిరియాల చేపల పులుసు కాచింది. అటక మీంచి అతని గిన్నె దింపి, తోమి, చాప పక్కన పెట్టింది.

"ఆయన బతికే ఉన్నాడత్తా!"

ఉగోయె ఆ గిన్నె వంక చూసింది. ఐదేళ్లలో మొదటిసారి ఆవిడ కళ్లు నిండాయి. నీళ్ల కుండ తెచ్చి కోడలి చేతిలో పెట్టింది.

"రోజూ పొయ్యవే, ఆ కొమ్మకింకా వేరు పట్టలేదు."