తొమ్మిది వందల గ్రాములు

సూరిబాబు కాటా మీద నించుని ఊపిరి బిగబట్టాడు. అలా బిగబడితే బరువు తగ్గుతుందని అతనికి ఎవరు చెప్పారో మరి.

రాయపూర్ శివారు మోవాలో, బొగ్గుల డిపోలో ఉన్న ఆ కాటాకి మొహమాటం లేదు. యాభై ఏడు కిలోల మీద తొమ్మిది వందల గ్రాములు చూపించింది.

"నిన్న ఏం తిన్నావురా?" అన్నాడు కుస్తీ గురువు పున్నయ్య.

"ఏటీ నేదు గురువుగారూ. దాలమ్మత్త కూతురి సీమంతం కదా... రెండు బూరెలు."

"రెండా?"

"తొమ్మిది."

గురువు తల పట్టుకున్నాడు. పది గంటలకి స్టేషన్ దగ్గర రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో కుస్తీ సెలక్షన్లు. సూరిబాబు పేరు యాభై ఏడు కిలోల తరగతిలో ఉంది. ఒక్క గ్రాము ఎక్కువున్నా బరిలోకి రానివ్వరు. నెగ్గితే రైల్వేలో పర్మనెంటు ఉద్యోగం. వచ్చే ఏడు చూద్దామంటే వయసు దాటిపోతుంది.

"ఈ స్వెట్టరు తొడుక్కో. స్టేషన్ దాకా పరిగెత్తుకుంటూ రా. చుక్క నీళ్ళు ముట్టావో, చూడు! నేను ముందు వెళ్ళి కాగితాలు చూసుకుంటాను."

డెబ్బై తొమ్మిది మే నెల. ఎనిమిదికే రాయపూర్ పెనంలా ఉంది.

"దారిలో ఎవడితోనూ గొడవ పెట్టుకోకు," అన్నాడు గురువు స్కూటరెక్కుతూ. "బరిలో అయితే నీ వజన్ వాణ్ణే నీ మీదకి వదులుతారు. రోడ్డు మీద ఎవడూ తూచి వదలడు."

"పట్టు తెలిస్తే వజనేటి సేస్తాది?" అన్నాడు సూరిబాబు మీసం దువ్వుతూ.

స్కూటరు మలుపు తిరగ్గానే రిక్షా కోసం చూశాడు మహానుభావుడు. స్వెట్టరుంది కదా, కూచున్నా చెమట పడుతుందని అతని లెక్క.

ఇంతలో వెనకనుంచి ఎవరిదో సైకిలు వచ్చి పిక్కకి తగిలింది.

"అంధే హో క్యా?" అంటూ తిరిగాడు సూరిబాబు. తిరిగాక, ఎందుకన్నానా అనుకున్నాడు. ఎదురుగా బీరువాలాంటి మనిషి. తక్కువలో తక్కువ నూట పది కిలోలుంటాడు.

ఆ మనిషి ఒంటిచేత్తో స్వెట్టరు పట్టుకుని పైకెత్తాడు. సూరిబాబు తనకి బాగా వచ్చిన పట్టు వేశాడు. ఆ మణికట్టు కదిలితేగా! కాళ్ళు గాల్లో కొట్టుకుంటున్నాయి. చేసేది లేక వేలు కొరికి, కిందపడి, లేచి, పరుగో పరుగు.

"రుక్ బే! హడ్డీ తోడ్ దూంగా!" ఎముకలు విరగ్గొడతానంటూ సైకిలు వెంటబడింది.

పండ్రి బజారు దగ్గర ఖాళీ రిక్షా కనిపించింది. ఎక్కబోతుంటే వెనకనుంచి ఆ బీరువా మనిషి ఒక్క గావుకేక పెట్టాడు. రిక్షావాడు హడలిపోయి ఖాళీగానే తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు. ఫాఫాడీ చౌరస్తా చలివేంద్రంలో గ్లాసు నోటి దాకా వెళ్ళింది. సరిగ్గా అప్పుడే సైకిలు బెల్లు! గ్లాసు అక్కడే వదిలేసి మళ్ళీ పరుగు.

దేవుడి దయ వల్ల, దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆ సైకిలు చైను ఊడిపోయేది. కాస్త దూరం పోయి సూరిబాబు ఎక్కడైనా చతికిలబడ్డాడో, దరిద్రుడు చైను ఎక్కించుకుని మళ్ళీ ప్రత్యక్షం.

ఇన్‌స్టిట్యూట్ చేరేసరికి సూరిబాబు మనిషిలా లేడు. స్వెట్టరు పిండితే బిందె నిండుతుంది. దాన్ని విప్పించి, అదే ఊపున కాటా ఎక్కించారు.

"యాభై ఆరు తొమ్మిది వందల యాభై!" అని అరిచాడు గుమాస్తా, పేరు పక్కన టిక్కు పెడుతూ.

సూరిబాబుకి ఏడుపొచ్చేసింది. గురువుని కావలించుకున్నాడు. "బతికిపోనాను గురువుగారూ! ఉద్యోగం వచ్చినట్టే!"

అప్పుడు గుమ్మంలో చీకటి పడింది. అదే మనిషి. చేతిలో సైకిలు తాళం.

"ఈడే గురువుగారూ! రోడ్డు మీద నన్ను సంపేయబోనాడు!" సూరిబాబు గురువు వెనక నక్కాడు.

ఆ మనిషి రుమాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చి, పున్నయ్యని హిందీలో వినయంగా అడిగాడు: "ఇతని పని అయిపోయింది గురూజీ, ఇక మీ అరవై రెండు కిలోల తరగతి అబ్బాయిని ఎక్కణ్ణుంచి తరమమంటారు?"