పొట్టేలు దాణా

పొట్టేలు మూడు కిలోలు తగ్గింది.

పశువుల డాక్టరు దాన్ని తూకం బల్ల మీంచి దించి, చేతిలోని కాగితం చూసుకుని, మళ్లీ ఎక్కించాడు. ముల్లు నలభై తొమ్మిది దగ్గరే ఆగింది.

"యాభై రోజుల కింద యాభై రెండు ఉంది. రోజూ అరకిలో దాణా తినే పొట్టేలు తగ్గడమేంటండీ? ఈపాటికి అరవై దాటాలి."

అత్త తూకం మీదికి వంగింది. ఆమెకు దగ్గరున్నవేవీ సరిగా ఆనవు, అంకెలైతే అసలే. అయినా తీర్పు చెప్పడానికి అంకెలతో పనేముంది?

"తింటేగా పెరగడానికి. అబ్బాయికి జావ కాచిచ్చి ఇటొచ్చానో లేదో, ఇదీ వినాల్సిన కబురు. మొక్కజొన్న నూక, వేరుశనగ చెక్క, ఉలవలు, బస్తాలకు బస్తాలు కరిగిపోతున్నాయి డాక్టరుబాబూ. పెట్టేది ఈ మహాతల్లి. వాళ్ల పుట్టింట్లోనూ గొర్రెలున్నాయి మరి. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు."

కోడలి చేతిలో దాణా కొలిచే డబ్బా ఉంది. దాన్ని నేలకేసి కొట్టాలన్నంత కోపం వచ్చింది. యాభై రోజులుగా తెల్లారేసరికి లేచి, ఆ డబ్బాతో కొలిచి, పాకలో కట్టేసిన పొట్టేలు ముందు తొట్టిలో పోసి, తర్వాత మందను మేతకు తోలి వస్తున్నది ఆమే. ఒళ్లు వెచ్చగా ఉన్న రోజున కూడా మానలేదు.

"నేను రోజూ పోస్తున్నాను. మందను తోలి వచ్చేసరికి తొట్టి ఊడ్చినట్టు ఉంటోంది. పొట్టేలేమో ఆకలికి గోడ నాకుతోంది. ఈ మాట మీతో వారం కిందటే చెప్పాను అత్తయ్యా."

"చెప్పావులే. దొంగే ముందు దొంగ దొంగ అని అరుస్తాడు."

మామ అరుగు మీంచి లేచాడు. ఆయన మాట్లాడేది తక్కువ. మాట్లాడితే అదే ఆఖరు మాట. మందలో ముప్పై గొర్రెలున్నాయి. కిందటి ఎదకు ఒక్కటీ చూడి కట్టలేదు. ఇంకో పది రోజుల్లో పొట్టేలును మందలో వదలాలి. ఈసారీ తప్పితే వచ్చే ఏడు ఈ దొడ్డిలో గొర్రెపిల్ల అరుపే వినపడదు.

"నీ కడుపు పండకపోయినా సరిపెట్టుకున్నాం," అన్నాడు. "చేతివాటం మాత్రం సహించను. బట్టలు సర్దుకోమ్మా. డాక్టరుగారి జీపు మీ ఊరి మీదుగానే వెళ్తుంది."

కోడలి ముఖం జేవురించింది. నాలుగేళ్లుగా ఇదే మాట. ఎన్ని ఆసుపత్రులు, ఎన్ని సూదులు, ఎన్ని చేదు కషాయాలు. అన్నీ ఆమెకే. మొగుడు ఒక్కసారి కూడా డాక్టరు గడప తొక్కలేదు. మగాడికి పరీక్షలేమిటని అత్త అడ్డుపడేది.

"డాక్టరుగారూ, ముప్పై గొర్రెలు చూడి కట్టకపోతే మీరు ముందు ఎవర్ని చూశారు?"

"పొట్టేల్నే. ఎవరైనా ముందు దాన్నే చూస్తారమ్మా. అందుకేగా ఈ దాణా. విత్తనం తయారవడానికి రెండు నెలలు పడుతుంది, ఆ రెండు నెలలూ బలమైన తిండి పడాలని ఆ రోజే చెప్పాను. మీ అత్తగారు రెండుసార్లు అడిగి మరీ చెప్పించుకున్నారు."

"ఇప్పుడా సోదంతా ఎందుకు?" అంది అత్త.

కోడలు పాక చూరులోంచి చిన్న పొట్లం తీసింది. "ఇది మీరిచ్చిందేగా. పొట్టేలు రొమ్ముకు పూసే నీలం."

డాక్టరు తలూపాడు. పొట్టేలును మందలో వదిలేటప్పుడు పూసే రంగు అది. ఏ గొర్రెను దాటిందో దాని నడుం మీద నీలం అంటుకుంటుంది.

"ఇది కడుపులోకి పోతే ప్రమాదమా?"

"లేదమ్మా. పొట్టేలు నాకుతుందని, తిన్నా ఏం కాని రంగే ఇచ్చాను. తడి తగిలితేనే రంగు తేలుతుంది. రెండు రోజులు వదలదు, అంతే."

"పొద్దున దాణాలో రెండు చెంచాలు కలిపి పోశాను. తొట్టి ఎప్పటిలాగే ఖాళీ అయింది. తిన్నదెవరో వాళ్ల నోరే చెబుతుంది. ముందు పొట్టేలు నోరు చూడండి."

డాక్టరు దాని దవడలు పట్టి తెరిచాడు. నాలుక మీద గడ్డి పసరు తప్ప ఏమీ లేదు.

"అంటే నువ్వు పెట్టలేదనేగా," అన్నాడు మామ.

"పెట్టింది ఎవరో ఎత్తుకుపోయారని. పదండి మావయ్యా. మా పుట్టింటి మందను చూద్దాం, పక్కింటి మేకల్ని చూద్దాం. అవసరమైతే ఈ వీధిలో ప్రతి నోరూ తెరిపిస్తాను. ఒక్క నీలం నోరు దొరక్కపోతే నేనే నడిచి వెళ్లిపోతాను. జీపు కూడా అక్కర్లేదు."

అత్త గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "పోనీలేవే. గుప్పెడు దాణా కోసం వీధిన పడతామా? ఏ ఎలకలో తిని ఉంటాయి. లోపలికి పద."

"పొమ్మన్నదీ మీరే, పద అంటున్నదీ మీరే. ఎలకల నోళ్లు కూడా చూడనివ్వండి."

"ఏదో కోపంలో అన్నానే. పెద్దదాన్ని, ఓర్చుకోకూడదూ?"

ఈ గోలకు కొడుకు వంటింట్లోంచి బయటికొచ్చాడు. ఈమధ్య అతనికి పొట్ట దగ్గర చొక్కా గుండీ పట్టడం లేదు. ఒక చేతిలో ఖాళీ జావ గిన్నె, ఇంకో చేత్తో తువ్వాలు పట్టుకుని మూతి తుడుచుకుంటున్నాడు.

"లోపలికి పోరా," అంది అత్త. "నోరెత్తకు."

నోరెత్తలేదు, ఆవలించాడంతే. పళ్లు, నాలుక, అంగిలి, అన్నీ నీలం.