వంగమడికి పట్టిన శని

“థూ! ఏటి కంపు తల్లీ ఇది! పేగులు బయటికొచ్చేత్తన్నాయి!” కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని దడి అవతలికి అరిచింది ఉషారాణి.

పక్క దొడ్డిలో మగ్దలీన కుళ్లిన చేప పొట్టలు గోతిలో వేసి మట్టి కప్పుతోంది. “ఇసక నేలకి సేపల ఎరువు కన్నా బలం ఏటుందొదినా? రెండ్రోజులు ఓర్సుకో, కంపు పోద్ది.”

“కంపు పోద్ది, మరి సీమల సంగతేటి? నీ గోతికొచ్చిన సీమలన్నీ నా వంగమడిలోనే కాపరం పెట్టినాయి. ఇటొచ్చి సూడు!”

చూస్తే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. ప్రతి మొక్క మొదట్లోనూ ఎర్రచీమల పుట్ట. ఆకుల కింద జిగురు కారుతూ పేనుబంక, దాని మీద కుప్పలు కుప్పలుగా చీమలు. వేసవంతా పేడా, కొబ్బరిపొట్టూ మోసి ఆ ఇసుకను మట్టి చేసింది ఉషారాణి. మొదటి నారు చీమల పాలైంది. ఇదీ పోతే ఈ ఏటికి పలాస సంత మొహం చూడక్కర్లేదు.

“ఇంట్లోకీ దూరినాయి. డబ్బాలో పంచదార మిగల్నియ్యడం నేదు. అంతా నీ కుళ్లు ఎరువు సలవే!”

అరుగు మీద టీ తాగుతున్న ఆమె మొగుడు సింహాచలానికి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు.

మగ్దలీన మొహం చిన్నబోయింది. “తీసేత్తాన్లే వొదినా,” అంది. సాయంత్రానికి గొయ్యి తవ్వి, ఎరువంతా తట్టలకెత్తి దూరంగా జీడితోటలో పారబోసి వచ్చింది.

వారం తిరిగింది. కంపు పోయింది గానీ చీమలు రెట్టింపయ్యాయి.

ఒకరోజు తెల్లవారగానే వేపాకు కషాయం పోద్దామని దొడ్డిలోకి వెళ్లబోయిన ఉషారాణి గుమ్మంలోనే ఆగిపోయింది. సింహాచలం చెప్పులు విడిచి, ఒక్కో మొక్క మొదట్లో పంచదార కలిపిన నూక గుప్పెడేసి పోసి దండం పెడుతున్నాడు. నూకకు ముసిరిన చీమలు అతని పిక్కల దాకా పాకుతున్నాయి.

“ఏటి మావా, ఏటి సేత్తన్నావ్?”

“అరవకే. మన మడికి శని పట్టిందని నందిగాం సిద్ధాంతిగారు సెప్పినారు. సీమలకి మేతెడితే ఒగ్గేసి పోద్దట. మొదటి నారు పోయినకాడినుంచీ పెడతన్నాను.”

“మడికి శనేటి?”

సింహాచలం కాళ్లు దులుపుకుంటూ విసుక్కున్నాడు.

“కనబడ్డం నేదేటే? ఈ సీమలే!”