కుడి చెవి సాక్ష్యం

"ఇక్కడే తవ్వండి!" అంటూ ఇంజనీరమ్మ తారు రోడ్డు మీద సుద్దముక్కతో గుండ్రంగా గీసింది.

"అక్కడ లీకు లేదు మేడమ్," అన్నాడు మేస్త్రీ.

గడ్డపారలు పట్టుకున్న కూలీలిద్దరూ ఎవరి మాట వినాలో తోచక ఆగిపోయారు. పొద్దున్నుంచీ ఆ వీధి కుళాయిల్లో నీళ్లు దారంలా కారుతున్నాయి. మేడల మీంచి జనం ఖాళీ బకెట్లతో తొంగిచూస్తున్నారు.

నేలలో గొట్టం ఎక్కడ పగిలిందో చెవితో విని చెప్పడం మేస్త్రీ ఉద్యోగం. ఇనప ఊచ ఒక కొస రోడ్డుకి ఆనించి, రెండో కొసనున్న చెక్క బిళ్లకి చెవి పెట్టి వింటాడు. నీళ్ల ఆఫీసులో అందరూ ఆయన్ని 'పైపుల డాక్టరు' అంటారు. అంటారు కాదు, అనేవారు. మూడు నెలలుగా ఎడమ చెవి లోపలి భాగం పాడై, అందులో ఎడతెగని హోరు. ఉన్నట్టుండి తల గిర్రున తిరుగుతుంది. ఆ హోరుని నీళ్ల చప్పుడనుకుని రెండుసార్లు పొడి నేల తవ్వించాడు. ఇవాళ మూడోసారి కూడా తప్పితే, ఊచ స్టోరులో అప్పజెప్పి గేటు దగ్గర స్టూలు మీద కూచోవాలి. ఆ మేరకు రాసిన ఉత్తరం ఇంజనీరమ్మ సంచీలోనే ఉంది.

"మీ చెవి సంగతి మీకు తెలీదా మేస్త్రీ గారూ?" ఆమె హెడ్‌ఫోన్లు సర్దుకుంది. వాటి తీగ నేల మీద పెట్టిన కొత్త మిషనుకి తగిలించి ఉంది. నేలలోపలి చప్పుడు పట్టి చెవుల్లో వినిపించడం దాని పని. "మిషను అబద్ధం చెప్పదు. ఇక్కడ సుయ్యిమని ఒకటే మోత."

"పాడైంది ఎడమది మేడమ్. కుడిది నిక్షేపంలా ఉందని డాక్టరు రాసిచ్చాడు. ఇన్నాళ్లూ అలవాటుకొద్దీ ఎడమ చెవే పెట్టి పరువు పోగొట్టుకున్నా. ఇవాళ కుడిది పెట్టా."

"రెండూ ఒక్క తలకున్నవేగా?"

"తల ఒక్కటే, వినడం మాత్రం దేని దారి దానిదే. మా ఆవిడ ఎడమవైపు నుంచి పిలిస్తే రేకుడబ్బాలోంచి పిలిచినట్టుంటుంది. కుడివైపు నుంచైతే అచ్చం మా ఆవిడే. అందుకే తిట్టాల్సొచ్చినప్పుడల్లా శ్రమపడి మరీ కుడివైపుకొచ్చి కూచుంటుంది."

కూలీలు పకపకా నవ్వారు. ఇంజనీరమ్మకీ నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. ఆమె చెడ్డ మనిషేం కాదు. మరోసారి రోడ్డు వృథాగా తవ్వితే ఆమెనీ పైవాళ్లు నిలదీస్తారు.

"ముందు నేను చెప్పినచోట తవ్వుతారు. లీకు దొరికితే మీరు ఊచ ఇచ్చెయ్యాలి."

"దొరక్కపోతే?"

"మీరు చెప్పినచోట తవ్విస్తా. అక్కడా లేకపోతే అప్పుడూ ఇచ్చెయ్యాలి."

"ఎటు తిరిగీ నా ఊచ మీదకే వచ్చిందన్నమాట," అని మేస్త్రీ నవ్వాడు. నవ్వాడే గానీ, ఊచని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు.

మోకాలి లోతు, నడుం లోతు తవ్వారు. గొట్టం బయటపడింది. కూలీ దాని చుట్టూ చెయ్యి పోనిచ్చి, అరచెయ్యి పైకి చూపించాడు. దుమ్ము తప్ప తడి లేదు.

ఇంజనీరమ్మ మొహం మాడిపోయింది. "సరే, మీ చోటు చూపించండి," అంది.

మేస్త్రీ పన్నెండు అడుగులు నడిచి, సెలూను మెట్ల ముందు ఊచ ఆనించి కుడి చెవి పెట్టాడు. కళ్లు మూసుకుంటే తూలిపోతానేమోనని తెరిచే విన్నాడు. ఎడమ చెవిలో హోరు తన మానాన తను మోగుతూనే ఉంది. కుడి చెవిలో మాత్రం సన్నగా, స్పష్టంగా, నీళ్లు రాళ్లని ఒరుసుకుంటూ పోతున్న చప్పుడు.

"ఇక్కడ," అన్నాడు.

నడుం లోతు కూడా రాకముందే మట్టి బురదయింది. ఇంకొక్క పోటు వేశారో లేదో, నీళ్లు ఎగజిమ్మి కూలీల మొహాలు కడిగేశాయి. మేడల మీంచి ఈలలు, చప్పట్లు. సెలూనాయన కత్తితో సహా బయటికి పరుగెత్తుకొచ్చాడు. ఆయన వెనకే సబ్బు మొహంతో, సగం గడ్డంతో ఇంకో మనిషి. మేస్త్రీకి కళ్లు చెమర్చాయి. ఒంటి చెవితోనూ బతకొచ్చు!

వాల్వు కట్టేసి కూలీలు గొట్టానికి పట్టీ బిగిస్తుంటే, ఇంజనీరమ్మ సంచీలోంచి ఉత్తరం తీసి నాలుగు ముక్కలు చేసింది.

"ఊచ మీ దగ్గరే ఉంచుకోండి. తప్పు నాదే," అని హెడ్‌ఫోన్లు మళ్లీ పెట్టుకుంది. మరుక్షణం ఆమె నొసలు ముడిపడింది. "ఇదేం విడ్డూరం మేస్త్రీ గారూ! వాల్వు కట్టేశాం, గొట్టంలో చుక్క కదలడం లేదు. అయినా కుడివైపు సుయ్యిమంటూనే ఉంది. ఇప్పుడు ఆలోచిస్తే, వారం నించీ ఎక్కడ పెట్టినా ఇదే గోల. పాడైంది మిషనే. రేపే తిప్పి పంపేస్తా."

మేస్త్రీ ఆమె వంక చూశాడు. తర్వాత నేల వంక చూశాడు.

"మిషన్ని పంపకండి మేడమ్. రేపు పొద్దున నాతో చెవి డాక్టరు దగ్గరికి రండి."

"మీకు తోడుగానా? తప్పకుండా వస్తా."

"కాదమ్మా, నేనే మీకు తోడు. భయపడకండి, మొదట్లోనే చూపించుకుంటే మంచిదని ఆయనే అన్నాడు. పైగా నాకు కుడిది బాగుంది, మీకు ఎడమది బాగుంది. ఇద్దరం కలిస్తే ఒక జత గట్టి చెవులున్నట్టే," అంటూ మేస్త్రీ, మిషను నుంచి ఎప్పుడో ఊడిపోయి మట్టిలో పడి ఉన్న హెడ్‌ఫోన్ల తీగ కొసను తీసి, దుమ్ము దులిపి, ఆమె చేతిలో పెట్టాడు.