గోడమీది ఉడుత

బడివాళ్లు ప్రతి ఇంటి గోడ తెరమీదికీ మాటలు దిద్దే ఒక బొమ్మ ఉడుతను ఎక్కించిన నాటి నుంచి ఇందుమతికి సొంత వంటింట్లో నోరు విప్పాలంటేనే విసుగు. పిల్ల నిండు వాక్యం పలికితే ఉడుత నక్షత్రం ఇస్తుంది. నక్షత్రాలు తగ్గితే పై తరగతికి పంపరు. తల్లి మాటలో తప్పు దొర్లినా ఊరుకోదు. ఒకసారి గోడకు దుప్పటి కప్పితే, దుప్పటి చాటు నుంచే దిద్దింది.

ఆ పొద్దున ఆమె అట్టు తీస్తుంటే ఏడేళ్ల కూతురు తన్విక పెనం మీదికి చెయ్యి చాపింది.

"ఏయ్, కాలుద్ది!" అని కేకేసింది ఇందుమతి.

"కాలుతుంది అనాలమ్మా," అంది ఉడుత.

పిల్ల గోడకేసి తిరిగి నవ్వింది. చెయ్యి మాత్రం ఆగలేదు. వేళ్లు చుర్రుమన్నాయి.

ఇందుమతి ఆ చేతిని లాగి కుళాయి కింద పెట్టింది. తన్విక కళ్లనిండా నీళ్లు, పెదవులు వణుకుతున్నాయి. అయినా ఏడవకుండా గోడకేసే చూస్తూ మాటలు కూడబలుక్కుంది.

"నా కుడిచేతి వేళ్లు చాలా మండుతున్నాయి."

గోడమీద నక్షత్రం తళుక్కుమంది.

"నీ వాక్యం తగలెయ్యా! కాలినప్పుడైనా 'అమ్మా' అని ఏడవవే!" అంది ఇందుమతి.

తన్విక తల అడ్డంగా ఊపింది.

"ఒక్క మాటకు ఉడుత నక్షత్రం ఇవ్వదమ్మా."