గులాబీ మొదట్లో మోత

"అన్నా, అది పెట్టెయ్. పిల్లలాడుకునేది అది," అంటూ భాస్కర్, వీరభద్రం చేతిలోని మెటల్ డిటెక్టర్ లాక్కుని మళ్ళీ కొక్కేనికి తగిలించాడు.

దేశం కాని దేశంలో, షాంటిలీ అనే ఊళ్ళో ఆ దుకాణం గోడ నిండా అలాంటి యంత్రాలే. భాస్కర్ పక్క వీధిలో ఉంటాడు. సెలవు దొరికితే చాలు, రైతులను అడిగి వాళ్ళ పొలాల్లో ఆ దేశపు పాత అంతర్యుద్ధం నాటి తూటాలూ గుండీలూ ఏరుకుంటాడు. అందుకే దమయంతి అతన్ని వెంటబెట్టుకుని భర్తను ఇక్కడికి తీసుకొచ్చింది.

"ఇదేమో మేకుకీ బంగారానికీ ఒకటే మోత మోగుతది. స్క్రీన్ మీద నంబర్ చూపించేది తీస్కో."

"బంగారమైతే పెద్ద నంబర్ వస్తుందా?" అన్నాడు వీరభద్రం.

"అందరూ అక్కడే బోల్తా పడతరు. వెండికి పెద్ద నంబర్. బంగారానికి చిన్నది. కూల్‌డ్రింక్ డబ్బా రింగుకీ, వదిన పుస్తెలకీ ఒకటే నంబర్ చూపిస్తది మెషీన్. చెత్త కదా అని ఆ నంబర్ ఆఫ్ చేసినవనుకో, బంగారం మీదికెళ్ళి నడిచిపోతవ్."

"మరి ఏది ఏదో తెలిసేదెట్లా?"

"తవ్వుడే. తవ్వకుండ ఎవడు చెప్తడే?"

"ఎంత లోతు దాకా పసిగడుతుంది అన్నయ్యగారూ?" అంది దమయంతి.

"జానెడు లోతు దాకా ఫికర్ లేదు వదినా."

"చాలు," అందామె.

ఇంటికొచ్చే దారిలో వీరభద్రానికి నాలుగేళ్ళనాటి ఆ రోజు మళ్ళీ కళ్ళ ముందుకొచ్చింది.

స్కానింగ్‌కి ఒంటి మీద లోహం ఉండకూడదన్నారు ఆస్పత్రివాళ్ళు. దమయంతి మెడలో పసుపుకొమ్ము కట్టిన దారం వేసుకుని, పుస్తెలతాడు తీసి దేవుడి ముందు పెట్టి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి లేదు. ఇంట్లో ఉన్నది బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న సంహిత ఒక్కతే. ఎం.ఎస్. చదువుకునే పిల్ల. "నేనొక్కసారి చూస్తానమ్మా" అని వీరభద్రమే ఆమె సూట్‌కేస్ తెరిచాడు. మడత పెట్టిన బట్టలన్నీ తన చేతులతోనే కుమ్మరించాడు. ఏమీ దొరకలేదు. అయినా ఖమ్మంలో ఉన్న ఆమె తండ్రికి ఫోన్ చేసి, అనకూడనివన్నీ అన్నాడు. మూడో రోజు ఆ పిల్ల మంచు కురుస్తుండగా రెండు సూట్‌కేసులూ ఈడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ తరువాత ఆయన పూజకు కూర్చున్నప్పుడల్లా ఒకటే సందేహం. దొరకనిదాన్ని దొంగతనం అన్నానే, ఒకవేళ కాకపోతే?

కిందటి నెలలో దమయంతి పూజగది సర్దింది. అప్పటినుంచీ ఆమెకు అన్నం సయించలేదు. ఉన్నట్టుండి ఒక ఉదయం అంది.

"ఏవండీ, ఆ రోజు హడావిడిలో నిర్మాల్యం దోసిట్లోకి తీసి మొక్కల్లో వేసి వచ్చాను. పూలతో పాటు అదీ వెళ్ళిపోయిందేమో?"

ఎంత మంచి మనసు అనుకున్నాడాయన. తన తప్పు తనే వెతుక్కుంటోంది.

శనివారం ఉదయం, స్నానం చేసి, దేవుడికి దండం పెట్టి పెరట్లోకి దిగాడు. కంచె వెంబడి రెండు గంటలు నడిచాడు. మూడు మేకులు, ఒక బీరు మూత, అల్యూమినియం రేకు ముక్క బయటపడ్డాయి.

దమయంతి కాఫీ తెచ్చింది. "నేను నిర్మాల్యం ఎక్కువగా గులాబీలకే వేసేదాన్నండీ."

"ముందే చెప్పొచ్చుగా! నా నడుం ఇక్కడే పడిపోయింది."

"ఇప్పుడు చెప్పానుగా," అంది, నవ్వకుండా.

గులాబీ మొదట్లో మోత వచ్చింది. చిన్న నంబర్. మోకాళ్ళ మీద కూర్చుని చిన్న పారతో తవ్వాడు. బెత్తెడు లోతున ఎర్రమట్టి ముద్ద ఒకటి చేతికి తగిలింది. చిదిపితే అందులోంచి తాడూ, రెండు పుస్తెలూ బయటపడ్డాయి.

ఆయన వాటిని కళ్ళకద్దుకున్నాడు.

"ముందు ఆ పిల్లకి ఫోన్ చేయండి," అంది దమయంతి. "తరువాత చూసుకోవచ్చు. ముందు ఫోన్."

సంహిత ఇప్పుడు రెడ్‌మండ్‌లో ఉద్యోగం చేస్తోంది. నంబర్ దమయంతే ఎక్కడో సంపాదించి ఉంచింది.

"అమ్మా, నేను వీరభద్రం అంకుల్‌ని. దొరికిందమ్మా. పెరట్లో, నిర్మాల్యంతో పాటు పడిపోయింది. నువ్వు తీయలేదు. నేను... నీ సూట్‌కేస్..."



"నేను తీయలేదని నాకు తెలుసంకుల్," అంది సంహిత. "ఈ మాట మా అమ్మకి చెప్తారా? తను కూడా ఒకసారి అడిగింది, నిజం చెప్పవే అని. ఆ తర్వాత ఇంటికి వెళ్ళలేకపోయా."

"ఇప్పుడే చేస్తానమ్మా. మీ నాన్నగారి కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

దమయంతి ఫోన్ అందుకుంది. "సంహితా, తప్పు నాది తల్లీ. మీ అంకుల్‌ది కాదు. నన్ను క్షమించు," అని, ఇంకేదో చెప్పబోయి, ఫోన్ భర్త చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

పాపం, ఎంత కుమిలిపోయిందో అనుకున్నాడు వీరభద్రం. గులాబీ పక్కనే కూర్చుని, ఖమ్మం నంబర్ వెతుకుతూ, రెండో చేత్తో తాడుకు పట్టిన మట్టి మెల్లగా తుడిచాడు.

నాలుగేళ్ళు మట్టిలో ఉన్న తాడు పసుపు, నిన్ననే రాసినట్టు తడిగా వేళ్ళకు అంటుకుంది.